మారికుప్పం బండి

కోలారు జిల్లా తూర్పు పల్లెల్లో ఇంటి మాట తెలుగు, కచేరీ మాట కన్నడం. కోలారు గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.)లో గని కూలీల ఇళ్ల లైన్లలో మాత్రం తమిళం. ఈ కలగలుపు బంగారం వల్ల వచ్చింది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగాక కూలికి ఎక్కువగా వచ్చింది ఉత్తర ఆర్కాటు జిల్లా దళితులు. అప్పట్లో మన చిత్తూరు కూడా ఆ జిల్లాలోదే. అందుకే తమిళులూ తెలుగువాళ్లూ ఒకే దిక్కు నుంచి నడిచి వచ్చి, పక్కపక్క లైన్లలో కాపురం పెట్టారు.

గని కోసం రైలు వచ్చింది. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. బెంగళూరు వీధి దీపాలకు అది అందింది 1905లో. ఇల్లు గనిది, నీళ్లు గనివి, ఆసుపత్రి గనిది. ఊరిని కూలదోసింది ఈ ఏర్పాటేనని నా నమ్మకం. ఒక్క యజమాని చేతిలో ఉన్న ఊళ్లో రెండో పని పుట్టలేదు. తర్వాత బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారం వచ్చింది కానీ గని వదిలిన చేతులన్నిటికీ అది చాలేది కాదు.

పతనాన్ని అందరూ గనులు మూతపడిన 2001 నుంచి లెక్కిస్తారు. అది చాలా ముందే మొదలైంది. మొదట్లో టన్ను రాయికి 40 గ్రాములు దాటిన బంగారం చివరికి 3 గ్రాములు కూడా రాలేదు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. అక్కడ రాయే కాలేది; చల్లగాలి పంపాలి, రాయి పేలిపోయే రాక్ బర్స్ట్‌లను కాచుకోవాలి, రాయిని పైకి లాగడానికీ ఖర్చే. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనుల్ని తీసుకున్నా ఆ లెక్క మారలేదు. 2001 ఫిబ్రవరి 28న తలుపులు పడ్డాయి. చిత్తూరు జిల్లాలో ఈ గనుల సంస్థే నడిపిన చిగురుగుంట గని కూడా ఆ ఏడే ఆగింది.

ఆ తర్వాత తండ్రులు షిఫ్టుకు లేచిన వేళకే కొడుకులూ కూతుళ్లూ లేచి గని ఊరి స్టేషన్ మారికుప్పంలో రైలెక్కడం మొదలుపెట్టారు. బెంగళూరు 100 కిలోమీటర్లు. లైన్లలో నేర్చిన మూడు భాషలు అక్కడ దుకాణంలో, కాల్ సెంటర్లో, సెక్యూరిటీ పనిలో అన్నం పెట్టాయి. కానీ రోజూ తిరగడం ఒంటికి భారం. ఇంటికి రావడం మొదట వారానికోసారి, తర్వాత పండక్కి, పెళ్లయ్యాక అక్కడే అద్దె ఇల్లు. వలస అన్న పేరు లేకుండానే ఊరు ఖాళీ అయింది. మిగిలినవాళ్లలో రాతిపొడికి ఊపిరితిత్తులు చెడిన ముసలివాళ్లున్నారు. గాలి లేచినప్పుడు గని వదిలిన సైనైడ్ దిబ్బల దుమ్ము వాళ్ల ఇళ్ల మీదే పడుతుంది.

ఆ 13 దిబ్బల్లో 3 కోట్ల టన్నులకు పైగా మట్టి ఉంది. అందులో మిగిలిన బంగారం తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. గని మూతపడిన ఏడు పుట్టినవాళ్లకు అప్పటికి 23 ఏళ్లు. వాళ్లలో పనిలో చేరిన చాలామంది చేతిలో బెంగళూరు సీజన్ టికెట్ ఉంది.