సున్నతి అనే మాట, ఇబ్రాహీమ్ ఒడంబడిక

 

మన తగరపువలసలో చర్చికి వెళ్ళే మిత్రుడుంటే, అతని తెలుగు బైబిలులో ఆదికాండము పదిహేడవ అధ్యాయం చూపించమని అడగండి. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్)తో చేసిన ఒడంబడికకు గుర్తుగా దేవుడు విధించిన ఆచారానికి అక్కడ ఉన్న పేరు 'సున్నతి'. అది మన మాట! అరబీలో 'సున్నత్' అంటే మార్గం, ప్రవక్త నడచిన బాట. ఉర్దూ వాడుకలో ఖత్నాకు ఆ పేరు స్థిరపడింది. తెలుగు నేలపై ఈ ఆచారం ప్రధానంగా ముస్లింల ఇళ్ళలోనే కనబడేది గనుక, దాని పేరు సైతం వారి నోటినుండే తెలుగులోకి వచ్చింది.

ఈ చరిత్రలో మన విశాఖపట్నానికీ చోటున్నది. 1805లో అక్కడికి వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ దే గ్రాంజెస్ ఒక బ్రాహ్మణ పండితుని సాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. వాటిలో మూడు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయినాయి. లూకా సువార్తలో శిశువైన హజ్రత్ ఈసా (అలైహిస్సలామ్)కు ఎనిమిదవ దినాన జరిగిన ఖత్నా ప్రస్తావన ఉన్నది.

మన పెద్దలు వాడిన మరొక మాట 'ఒడుగులు'. అది ఉపనయనానికి ఉన్న పేరు. ఉపనయనంతో బాలుడు వేదాధ్యయనానికి అర్హుడవుతాడని పొరుగువారి నమ్మకం. ఆ పేరుతోపాటు, పిల్లవాడు ఈ కోతతోనే ముస్లిం అవుతాడనే భావన కూడా మన ఇళ్ళలో ప్రవేశించింది. ఉర్దూలో కొందరు దీనిని 'ముసల్మానీ' అనడంలోనూ అదే పొరపాటు దాగి ఉన్నది. ఇక పూలదండలు, ఊరేగింపు, ఊరందరికీ బిర్యానీ! దినకూలీతో బ్రతికే తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి ఈ వేడుక చేస్తున్నాడు.

మరల ఆదికాండమునే చూడండి. ఇబ్రాహీమ్ తొంభై తొమ్మిదవ ఏట, ఇస్మాయీల్ పదమూడవ ఏట ఒకే దినాన ఖత్నా పొందారని అందులో ఉన్నది. వెండికి కొన్న సేవకులకు సైతం ఆ గుర్తు వేశారు. అయినను ఆ అధ్యాయమే ఒడంబడిక మాత్రం ఇంకా పుట్టని ఇస్‌హాఖ్‌తో స్థిరమవుతుందని చెబుతున్నది. ఆ గ్రంథం ప్రకారమే గుర్తు అందరికీ ఉన్నది, ఒడంబడిక అందరిదీ కాలేదు. వంశాన్ని బట్టి చేసిన ఆ విభజనను మనం అంగీకరించము. కాని గుర్తు వేరు, ఒడంబడిక వేరు అన్న సంగతి అక్కడే తేలిపోయింది.

దివ్య ఖుర్ఆన్‌లో ఖత్నా పేరైనా లేదు. ఒడంబడిక మాట ఉన్నది. అల్ బఖరా సూరా 124వ ఆయతులో, పరీక్షలన్నింటిలో నెగ్గిన ఇబ్రాహీమ్‌ను అల్లాహ్ మానవులకు నాయకునిగా చేశాడు. నా సంతానం సంగతేమిటని ఆయన అడిగారు. దుర్మార్గులకు తన ఒడంబడిక వర్తించదని సమాధానం వచ్చింది. ఖలీలుల్లాహ్ బిడ్డలకే ఈ షరతు!

మరి ఖత్నా స్థానమేమిటి? ఇబ్రాహీమ్ ఎనభై ఏళ్ళ వయస్సులో ఖత్నా చేసుకున్నారని బుఖారీ హదీసులో ఉన్నది. మనం ఆయన బాటను అనుసరించేవారము గనుక ఇది మనకు విలువైనది. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దీనిని సహజ ప్రకృతికి చెందిన ఐదు విషయాలలో ఒకటిగా, గోళ్ళు తీయడం, మీసం కత్తిరించడం వంటి వాటి సరసన పేర్కొన్నారు. గోళ్ళు తీసినందుకు ఎవరూ ఊరేగింపు తీయరు కదా!

షాఫియీ పండితులు దీనిని విధి అన్నారు. హనఫీ పండితులు సున్నత్ అనీ, ఇస్లాం చిహ్నమనీ అన్నారు. నడి వయస్సులో కలిమా చదివి మన సఫ్‌లో నిలబడిన సోదరుని, 'నీకు ఇంకా ఒడుగులు కాలేదు' అని కొందరు వెనుకకు నెడుతున్నట్లు వింటున్నాము. అతడు కలిమా పలికిన క్షణమే ముస్లిం. వార్ధక్యం వలన గాని, బలహీనత వలన గాని ఖత్నాను తట్టుకోలేనివానికి దానిని వదిలివేసే అనుమతిని మన హనఫీ ఫిఖహ్ గ్రంథాలు ఏనాడో ఇచ్చాయి.