ఇంటర్మీడియట్ గణితం (ఎంపీసీ)

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పదో తరగతి తర్వాత ఎంపీసీ (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు) విద్యార్థులు రెండేళ్లపాటు చదివే గణితం. చాలాకాలం ఇది 1ఏ, 1బీ, 2ఏ, 2బీ అనే నాలుగు పేపర్లుగా, ఒక్కోటి 75 మార్కులకు సాగింది. మాత్రికలు, సదిశలు, త్రికోణమితి 1ఏలో, సరళరేఖలు, అవకలనం 1బీలో, సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత 2ఏలో, వృత్తాలు, శాంకవాలు, సమాకలనం 2బీలో ఉండేవి.

కొత్తగా చేరినవారికి అసలు పరీక్ష అవధి భావన: చలరాశి ఒక విలువను చేరకుండానే దానికి ఎంతైనా దగ్గర కావచ్చు, అప్పుడు ప్రమేయం ఎటు మొగ్గుతుందన్నదే ప్రశ్న. అవకలనానికి పునాది ఇదే. దీన్ని తరగతుల్లో సూత్రాల పట్టికగా దాటేయడం మామూలే. ఏటా తిరిగొచ్చే దీర్ఘ ప్రశ్నలను కంఠతా పట్టి బోర్డు పరీక్ష గట్టెక్కేవారూ ఉన్నారు (మార్కులూ బాగానే వస్తాయి). ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈలో మాత్రం ఆ ఉపాయం పారదు, రెండు మూడు అధ్యాయాలను కలిపి ఒకే లెక్కగా అడుగుతారు.