వంపు వెనుక గాయం: పెయిరోనీ వ్యాధి చరిత్ర

ఫ్రాన్స్ రాజు 15వ లూయీకి శస్త్రవైద్యుడైన ఫ్రాన్స్వా జిగో ద లా పెయిరోనీ 1743లో ఒక వ్యాసం ప్రచురించాడు. కొందరు మగవాళ్లకు అంగం పైభాగాన, చర్మం కింద జపమాల పూసల్లా గట్టి గడ్డలు తగులుతున్నాయని, స్తంభించినప్పుడు అంగం పైకి వంగిపోతోందని అందులో రాశాడు. 16వ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రవేత్త ఫాలోపియో కూడా ఇలాంటిదే వర్ణించాడు కానీ, జబ్బుకు స్థిరపడింది మాత్రం పెయిరోనీ పేరే. ఆయన సూచించిన మందు పిరెనీస్ కొండల్లోని బారెజ్ ఊటనీళ్లు.

కారణం తెలియనంతకాలం వైద్యం ఊహలమీదే నడిచింది. 1948లో విటమిన్ ఇ వాడకం మొదలై దశాబ్దాలపాటు సాగింది. అది పనిచేస్తుందన్న ఆధారం లేక, 2015లో అమెరికా యూరాలజీ సంఘం దాన్ని ఇవ్వొద్దని చెప్పింది.

20వ శతాబ్దపు పరిశోధనలు అసలు సంగతి తేల్చాయి. స్తంభన గదులను చుట్టి టునికా ఆల్బుజీనియా అనే సాగే పొర ఉంటుంది. సంభోగంలోనో మరెప్పుడో దానికి చిన్న చిన్న గాయాలు తగులుతాయి. చాలామందికి దెబ్బ తగిలినట్టు గుర్తు కూడా ఉండదు. మామూలుగా అవి మానిపోతాయి. కొందరిలో మాత్రం కొలాజెన్ పేరుకుపోయి గట్టి మచ్చ కడుతుంది. స్తంభించినప్పుడు ఆ వైపు పొర సాగదు, ఎదుటి వైపు సాగుతుంది. అందుకే అంగం మచ్చ ఉన్న వైపుకు వంగుతుంది. అరచేతిలో గట్టి తాళ్లు కట్టి వేళ్లు ముడుచుకుపోయే డ్యూపుయిట్రెన్ జబ్బు ఉన్నవాళ్లలో పెయిరోనీ వ్యాధి ఎక్కువగా కనబడటంతో, మచ్చ కట్టే శరీరతత్వానికి ఇందులో పాత్ర ఉందని అర్థమైంది.

ఆ అవగాహనతోనే చికిత్స మారింది. పుట్టుకతో వచ్చే వంపు కోసం 1965లో రీడ్ నెస్బిట్ రాసిన శస్త్రచికిత్స పద్ధతిని తర్వాత ఈ జబ్బుకూ వాడారు. పొడవుగా ఉన్న వైపు పొరను కుదించడమే అందులోని కిటుకు. 2013లో అమెరికా ప్రభుత్వం అనుమతించిన కొలాజినేజ్ ఇంజెక్షన్ నేరుగా మచ్చలోని కొలాజెన్‌నే కరిగిస్తుంది. స్తంభన కూడా దెబ్బతిన్నవాళ్లకు కృత్రిమ అమరిక పెట్టే వీలుంది.

ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సర్ కాదు, నడవడికకు పడిన శిక్ష అంతకన్నా కాదు. తొలి నెలల్లో నొప్పి ఉండొచ్చు, వంపు మారుతూ ఉంటుంది. అది ఒక స్థితికి వచ్చి నిలకడగా ఉన్నాకే ఆపరేషన్ ఆలోచిస్తారు. పరీక్షలో యూరాలజిస్టు ఇంజెక్షన్‌తో స్తంభన రప్పించి వంపు ఎన్ని డిగ్రీలో కొలుస్తాడు. చికిత్స ఎంపికకు ఆ కొలతే కీలకం. గడ్డ తగిలినా, వంపు కనిపించినా సిగ్గుతో దాచుకోకండి. నాటు మందుల ప్రకటనల వెంట పడి డబ్బూ కాలమూ పోగొట్టుకోకండి. ముందు యూరాలజిస్టును కలవండి.