మురుగులో పోయే భాస్వరం



బియ్యం కడిగిన నీళ్ళూ, గంజీ, కూరల తొక్కులూ కుడితి తొట్టిలో పోసే రోజులు మనలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఆ కుడితి పశువు తాగేది. దాని పేడ పెంటకుప్పకూ, పెంటకుప్ప ఏరువాకకు ముందు చేనుకూ చేరేది. ఇంట్లోంచి పోయింది ఏదో ఒక రూపంలో మళ్ళీ కంచంలోకి వచ్చేది. అలా తిరిగే వస్తువుల్లో ఒకటి భాస్వరం. దాని చరిత్రే ఈవేళ చెప్పుకుందాం.

భాస్వరం మన ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. మనం వండుకునే ప్రతి గింజలోనూ ఉంటుంది. అది లేనిదే మొక్క ఎదగదు, గింజ కట్టదు. నత్రజని ఎరువునైతే గాలిలోంచి తయారుచేయవచ్చు. భాస్వరానికి ఆ వీలు లేదు, దాని బదులు పనికివచ్చేది మరొకటీ లేదు. రాతిలోంచి తవ్వుకోవాలి, లేదా వాడినదాన్నే మళ్ళీ తెచ్చుకోవాలి.

దాన్ని కనిపెట్టిన తీరు కూడా విచిత్రమే. 1669లో జర్మనీలోని హాంబర్గు నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం చేద్దామన్న ఆశతో మనుషుల మూత్రాన్ని మరగకాచాడు. బంగారం రాలేదు గాని, చీకట్లో వెలిగే పదార్థం ఒకటి వచ్చింది. అదే భాస్వరం.

ఈ రసాయనం పేరు తెలియకపోయినా దాని విలువ తెలిసినవాళ్ళు జపానులో ఉన్నారు. ఇప్పటి టోక్యోని ఎడో అని పిలిచే కాలంలో చుట్టుపక్కల రైతులు నగరంలోని మలాన్ని డబ్బో, కూరగాయలో ఇచ్చి కొనుక్కుపోయేవారు. ఒసాకాలో అయితే మలం ఇంటి యజమానిది, మూత్రం అద్దెకున్నవాళ్ళది అని హక్కులు కూడా ఏర్పడ్డాయి! ధర దగ్గర తగాదాలూ వచ్చేవి.

ఐరోపాలో కథ వేరే దారి పట్టింది. 1858 వేసవిలో లండనులో థేమ్సు నది కంపుకి పార్లమెంటు సభ్యులే తాళలేకపోయారు. ఆ తర్వాత జోసెఫ్ బజల్‌గెట్ అనే ఇంజనీరు పెద్ద పెద్ద మురుగు కాలువలు కట్టించాడు. కలరా తగ్గింది, ఎందరో పిల్లలు బతికారు. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కాని పొలంనుంచి ఊరికి వచ్చిన భాస్వరం మాత్రం సముద్రం పాలైంది. ఇది తగని నష్టమని జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ ఆ రోజుల్లోనే హెచ్చరించాడు.

మరి ఆ లోటు ఎలా పూడ్చుకున్నారు? పరాయి నేలల్లో వెతికారు. పెరూ దేశపు చించా దీవుల్లో గుట్టలుగా పడివున్న పక్షి రెట్టను 1840 తర్వాత ఓడలకెత్తారు. నలభై ఏళ్ళు తిరక్కుండానే గుట్టలు కరిగిపోయాయి. తవ్వడానికి తెచ్చిన చైనా కూలీలు ఎందరో అక్కడే ప్రాణాలు విడిచారు. 20వ శతాబ్దంలో పసిఫిక్ సముద్రంలోని నౌరు దీవి వంతు వచ్చింది. 21 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న దీవిలో నూటికి సుమారు ఎనభై వంతుల నేల తవ్వకానికే పోయింది.

మన దేశమూ ఫాస్ఫేటు రాయిలో అధికభాగం బయటినుంచే తెచ్చుకుంటోంది. ప్రపంచంలోని నిల్వల్లో నూటికి 70 వంతులు మొరాకో, పశ్చిమ సహారాల్లోనే ఉన్నాయి. ఇక్కడ చూస్తే, మనిషికి ఏడాదికి సుమారు అర కిలో చొప్పున భాస్వరం మురుగులో కలిసిపోతోంది. అది చెరువుల్లో చేరితే నాచూ, గుర్రపుడెక్కా పెరిగి చేపలకు ఊపిరాడకుండా చేస్తాయి. చేనుకు వరమైనదే చెరువుకు శాపం!

అయితే పాత పద్ధతే మేలందామా? అనకూడదు. మన పట్టణాల్లో మలం ఎత్తే పనిని కులం పేరుతో కొందరి నెత్తిన పెట్టాం. అందులోనూ గంప మోసింది ఎక్కువగా ఆడవాళ్ళే. 1993లోనూ, 2013లోనూ చట్టాలు చేసి ఆ పనిని నిషేధించారు. భాస్వరం తిరిగి రావాలి గాని, ఆ గంప తిరిగి రాకూడదు.

అంచేత ఇప్పుడు యంత్రాలతో తీసే మార్గాలు వచ్చాయి. ఒకటి, మురుగు శుద్ధిచేసే చోట మెగ్నీషియం కలిపితే స్ట్రూవైట్ అనే స్ఫటికాలు ఏర్పడతాయి. నేలలో నెమ్మదిగా కరిగే మంచి ఎరువది. రెండోది, మురుగు మడ్డిని కాల్చి ఆ బూడిదలోంచి తీయడం. మొదటి పద్ధతిలో కొంతే దొరుకుతుంది. రెండోదానిలో ఎక్కువ దొరుకుతుంది గాని ఇంధనం కావాలి, ఆమ్లం కావాలి, సీసం, కాడ్మియం వంటి విషాలను వేరుచేయాలి. ఖర్చు తక్కువేం కాదు. అయినా జర్మనీ 2017లో నిబంధన చేసి, పెద్ద మురుగుశుద్ధి కేంద్రాలు 2029 నుంచి భాస్వరాన్ని తిరిగి తీయాలని ఆదేశించింది. బ్రాండ్ బంగారం వెతికిన దేశం, ఆయనకు దొరికినదాని విలువ గుర్తించడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మురుగులో విషం ఎంత తక్కువైతే, దానిలోంచి ఎరువు తీయడం అంత తేలిక. పాడైన మందులూ, మిగిలిన రంగులూ సింకులో పారబోయకుండా ఉండటం మన చేతిలో పనే. రేపటి పంటకు బలం అందులో ఉందని గుర్తుపెట్టుకుంటే చాలు.