విమాన పరిచారికలు – సంస్థల విలీనము

రెండు సంసారము లొక్కటిగా గలిసినపుడు పొలములను, పశువులను లెక్కవేసి కలుపుట గొప్ప కష్టము కాదు. పెద్దకోడలెవరు, చిన్నకోడలెవరు అను ప్రశ్న వచ్చినపుడే చిక్కు పుట్టును. ఒక యింట ఇరువదియేండ్లు చాకిరిచేసి పెద్దరికము సంపాదించుకొన్న స్త్రీ, మరియొక యింట నిన్న మొన్న కాలుపెట్టిన దాని వెనుక నిలువవలసివచ్చిన, ఆమె పోగొట్టుకొన్నది గౌరవము మాత్రమేనా? తన జీవితములో ఇరువది యేండ్లు పోగొట్టుకొన్నట్లే గదా! రెండు విమానసంస్థలు విలీనమైనపుడు వానిలో పనిచేయు పరిచారికలకు సరిగా నిట్టి దశయే పట్టుచుండును. విలీనవార్త వెలువడినపుడు పత్రికలు వాటాల ధరలను, విమానముల సంఖ్యను ప్రకటించును. ఆ విమానములలో మనకు మంచినీళ్లిచ్చి, ఆపద వచ్చినపుడు మనలను బయటికి దాటించు స్త్రీపురుషుల సంగతి యేమయ్యెనని యడుగువారు తక్కువ. ఆ సంగతినే చదువరుల యెదుట నుంచ మేము తలపెట్టితిమి. ఈ చరిత్ర విపులముగా జరిగినది అమెరికా సంయుక్తరాష్ట్రములలో గనుక మొదట నచటికే పోవుదము.

ముందుగా వారి పని తీరు తెలిసికొనవలెను. అమెరికాలో పరిచారికల వేతనము గంటల లెక్కను గట్టబడును. విమానము నిలిచిన తావునుండి కదలినది మొదలు గమ్యమున నిలుచువరకు గడచిన కాలమునకే ఆ గంటల లెక్క చాలకాలము వర్తించినది. ప్రయాణికుల నెక్కించునపుడు, సామానులు సర్దించునపుడు, ఆలస్యమైన విమానముకొరకు వేచియున్నపుడు వారు శ్రమపడుచునే యుందురు. కాని ఆ శ్రమకు పూర్తి గంటజీతము లేదు. ప్రయాణికుల నెక్కించు కాలమునకు సగము రేటున నిచ్చుపద్ధతిని డెల్టాసంస్థ 2022లో మొదలుపెట్టెను. 2024లో అమెరికన్ సంస్థవారి యొడంబడికలో నదియొక షరతుగా జేరెను. కావున నెలకు ఎన్ని గంటలు దొరకును, ఏ మార్గమున దొరకును అనునదే వారి రాబడిని నిర్ణయించును.

ఆ గంటలను పంచునది సేవాజ్యేష్ఠత. దీనినే మన కచ్చేరీలలో సీనియారిటీ యందురు. ప్రతినెలయు మార్గముల పట్టిక వెలువడును. ఎవరికే మార్గము కావలయునో వారు కోరుకొందురు. ముందుగా కొలువులో జేరినవారి కోరిక ముందు చెల్లును, మిగిలినది తరువాతివారికి. పండుగనాడు ఇంటనుండుట, బిడ్డ బడికిబోవు దినములలో రాత్రికి తిరిగివచ్చుట, దూరదేశపు పెద్దమార్గమును కోరుకొని కొద్దిదినములలోనే గంటలు ముగించుకొనుట — ఇవన్నియు జ్యేష్ఠత ప్రసాదించు వరములు. పట్టిక యడుగున నున్నవారు రిజర్వు అను పేర, ఎప్పుడు పిలుపు వచ్చునో తెలియక సిద్ధముగా గూర్చుండవలెను. సంస్థకు చెడుకాలము వచ్చినపుడు మొదట నింటికి బంపబడువారును వారే. ఇట్లు పట్టికలోని యొక్క సంఖ్య తల్లి బిడ్డ నెప్పుడు చూచునో కూడ నిర్ణయించుచున్నది.

ఈ జ్యేష్ఠత స్త్రీలకు ఊరక లభించినది కాదు. 1930 మే 15వ తేదీన ఎలెన్ చర్చి యను నర్సు బోయింగు ఎయిర్ ట్రాన్స్‌పోర్టు విమానమున తొలి పరిచారికగా నెక్కెను. ఆమెతోగూడి యెనమండుగురు నర్సులను ఆ సంస్థ తీసికొనెను. నెలకు 125 డాలర్ల జీతము, అవివాహితలు గావలెను, వయస్సునకు, బరువునకు హద్దులు గలవు. పెండ్లియైనచో కొలువు పోవును. ఇట్టి కొలువు రెండు మూడేండ్లు మాత్రమే నిలుచునది గనుక జ్యేష్ఠతకు విలువయే లేకుండెను. 1945లో యునైటెడ్ సంస్థ పరిచారికలు తమ సంఘమును స్థాపించుకొని, మరుసటి సంవత్సరమున తొలి యొడంబడికను సాధించిరి. ఐనను పెండ్లి నిషేధము పోలేదు. పైగా 1953లో అమెరికన్ సంస్థవారు 32 ఏండ్లు నిండిన పరిచారికలను విమానమునుండి దింపివేయు నియమమును తెచ్చిరి. 1964లో పౌరహక్కుల శాసనము వచ్చినపిదప, ఆ శాసనము నాధారముగా జేసికొని స్త్రీలు అర్జీలమీద నర్జీలు పెట్టి, న్యాయస్థానముల మెట్లెక్కి, ఆ కట్టుబాట్లను త్రెంచివేసిరి. అప్పటినుండియే యీ పని తాత్కాలికపు కొలువు గాక జీవితవృత్తి యయ్యెను; అప్పటినుండియే ఏండ్లు కూడబెట్టుట యను మాటకు అర్థము కలిగెను. స్త్రీలు పోరాడి సంపాదించిన యాస్తి యిది యని చదువరులు గుర్తుంచుకొన గోరుదుము.

ఆ యాస్తికి విలీనములవలన ముప్పు వాటిల్లెను. 1972లో ఆలిఘెనీ, మొహాక్ అను రెండు సంస్థలు కలిసినపుడు, నాటి విమానయాన నియంత్రణ మండలి యుద్యోగుల రక్షణకు గొన్ని షరతులు విధించెను. రెండు జ్యేష్ఠతా పట్టికలను న్యాయముగాను సమముగాను కలుపవలెననియు, సమ్మతి కుదురనిచో మధ్యవర్తి తీర్పునకు పోవలెననియు వాని సారాంశము. 1978లో నియంత్రణను తొలగించు శాసనము వచ్చెను. 1984 చివరకు ఆ మండలియే మూతబడెను. తరువాత నీ రక్షణ ప్రభుత్వము విధించునది గాక, సంఘములు తమ యొడంబడికలో వ్రాయించుకొన్ననే గలుగునది యయ్యెను.

దాని ఫలము 2001లో కనబడెను. దివాలా తీసిన టి.డబ్ల్యు.ఏ. సంస్థ యాస్తులను అమెరికన్ సంస్థ కొనెను. రెండు సంస్థల పరిచారికలకు వేర్వేరు సంఘములుండెను. అమెరికన్ పరిచారికల సంఘము తమ సభ్యుల స్థానములను గాపాడుకొనదలచి, టి.డబ్ల్యు.ఏ. నుండి వచ్చిన వేలకొలది పరిచారికలను పట్టికకు అడుగున జేర్చెను. ముప్పదియేండ్లు సేవచేసిన స్త్రీ, నిన్న చేరిన పడుచు వెనుక నిలిచెను. అంతలో సెప్టెంబరు 11 నాటి ఘోరము జరిగెను, ప్రయాణికులు తగ్గిరి. అడుగున నున్నవారే మొదట బోవలెనను నియమము ప్రకారము 2003 నాటికి టి.డబ్ల్యు.ఏ. పరిచారికలందరును ఇంటికి బంపబడిరి. ఇందు మేము విచారించునది యొకటి గలదు. ఈ పని చేసినది యజమాని యొక్కడు గాదు. తోటి పనివారి సంఘము. పెద్దరికమును గాపాడుటకు బుట్టిన నియమము, పరాయివారి పెద్దరికమును గాపాడజాలకపోయెను. సంఘము తనవారిని రక్షించుట ధర్మమే. కాని తనవారెవరో తేల్చుకొనుటయందు సంకుచితమైన యెడల ఆ ధర్మమే యన్యాయముగ మారును.

టి.డబ్ల్యు.ఏ. స్థావరము మిస్సోరీ రాష్ట్రమున సెయింటు లూయీ పట్టణము. ఆ రాష్ట్రపు సెనేటర్లగు క్లెయిర్ మెకాస్కిల్, కిట్ బాండు అనువారు, కక్షలు వేరైనను, ఒక్కటై శాసనమును దెచ్చిరి. 2007 డిసెంబరున నది యమలులోనికి వచ్చెను. ఆలిఘెనీ–మొహాక్ షరతులలోని జ్యేష్ఠతా న్యాయమును అది మరల విధిగా జేసెను. రెండు పక్షములకును ఒకే సంఘమున్నచో ఆ సంఘపు నియమమే చెల్లును. ఇంటికి బంపబడినవారికి పోయిన యేండ్లను ఈ శాసనము తెచ్చియీయలేదు. తరువాతివారిని మాత్రము కాపాడెను. సంస్కరణలు తరచుగా నిట్లే నడచును: ఒకరి కన్నీరు మరియొకరికి కవచమగును.

జ్యేష్ఠత చక్కబడినంతమాత్రమున కథ ముగియదు. ఒడంబడికలను కలుపుట యింకను మిగిలియుండును. దీనికి యునైటెడ్, కాంటినెంటల్ సంస్థల చరిత్ర మంచి నిదర్శనము. 2010 అక్టోబరు 1వ తేదీన నీ రెండును ఒకే యాజమాన్యము క్రిందికి వచ్చెను. యునైటెడ్, కాంటినెంటల్, కాంటినెంటల్ మైక్రోనేషియా యని పరిచారికలు మూడు తెగలు. వారి కొడంబడికలును మూడు. 2011 జూన్‌లో జరిగిన యెన్నికలో విమాన పరిచారికల సంఘము గెలిచి యందరికిని ప్రతినిధి యయ్యెను. కాని ఉమ్మడి యొడంబడిక 2016 ఆగస్టున గాని యామోదము పొందలేదు. అప్పుడును అనుకూలముగా వచ్చినవి నూటికి 53 వోట్లే. ఆ పిదపను రోస్టరులను నడుపు యంత్రవ్యవస్థ లొక్కటి కావలసియుండెను. 2018 అక్టోబరు 1వ తేదీన గాని యీ తెగలవారు కలిసి యొకే విమానమున పనిచేయజాలకపోయిరి. విమానములకు ఒకే రంగు పూసిరి. టిక్కెట్లు ఒకే పేర నమ్మిరి. లోపలి పరిచారికలు మాత్రము ఎనిమిదేండ్లు వేరింటి కాపురము చేసిరి.

ఇంత యాలస్యమేల? అమెరికాలో రైల్వే కార్మిక శాసనము 1936లో విమానసంస్థలకును విస్తరింపబడెను. దాని ప్రకారము ఒడంబడికకు గడువు తీరినను అది చావదు. మార్పునకు సిద్ధమగును, అంతియే. క్రొత్తది కుదురువరకు పాతదే చెల్లును. సమ్మె చేయవలెనన్న ప్రభుత్వ మధ్యవర్తిత్వ మండలి విడుదల చేయవలెను. ఇందు మేలును గలదు, కీడును గలదు. మేలేమన, విలీనమైన మరునాడే యజమాని జీతములను తెగగోయజాలడు. కీడేమన, ఆలస్యమైన కొలది పాత రేట్లతోనే పని జరుగుచుండును. కావున నాలస్యమువలని భారము పనివారిమీదనే యెక్కువగా బడును.

పనివారిలోనే యభిప్రాయభేదములుండుట రెండవ కారణము. ఒక తెగవారి యొడంబడికలో గంటజీతము మెరుగు. మరియొక తెగవారి దానిలో రిజర్వు నియమములు మెరుగు. రెండు పట్టికలనుండియు మంచిదానినే యేరుకొనవలెనని సంఘము కోరును. మొత్తపు ఖర్చు పెరుగరాదని యాజమాన్యము పట్టుబట్టును. తుదకు జీతము పెరిగినవారు సెలవు కోల్పోవుదురు. సెలవు నిలుపుకొన్నవారు గంటలు కోల్పోవుదురు. అందుచేతనే యిట్టి యొడంబడికల వోట్లు కత్తియంచున నడచుచుండును. అమెరికన్, యు.యస్. ఎయిర్వేస్ సంస్థల పరిచారికలు 2014 నవంబరున తమ యుమ్మడి యొడంబడికను కేవలము 16 వోట్ల తేడాతో త్రోసివేసిరి. అప్పుడది ముందే యంగీకరించిన నిబంధన ప్రకారము మధ్యవర్తుల తీర్పునకు బోయెను. నార్త్‌వెస్టు సంస్థ 2008లో డెల్టాలో కలిసినపుడు మరియొక వింత జరిగెను. నార్త్‌వెస్టు పరిచారికలకు సంఘము గలదు, డెల్టావారికి లేదు. 2010లో జరిగిన యెన్నికలో 328 వోట్ల తేడాతో సంఘము ఓడెను. దానితో నార్త్‌వెస్టువారి సంఘమును, దాని యొడంబడికయు నొక్కమారుగా నంతరించెను. కలియుట యనగా కొన్నివేళల కరగిపోవుట యని దీనివలన దెలియును.

ఇక మన దేశమునకు వత్తము. 1953 ఆగస్టు 1వ తేదీన ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్సును ప్రభుత్వము నెలకొల్పెను. అందు హైదరాబాదు బేగంపేట స్థావరముగా గల డెక్కన్ ఎయిర్వేసు ఒకటి. పాత సంస్థల యుద్యోగులు అవే జీతములతో, అవే షరతులతో, కార్పొరేషను మార్చువరకు కొనసాగవలెనని నాటి శాసనము చెప్పెను. మార్చువరకు అను నీ చిన్నమాటయందే పెద్ద యధికారము దాగియున్నది. 2007లో ఎయిరిండియా, ఇండియన్ సంస్థలు కలిసినపుడు జీతములు, పదోన్నతులు, పనిగంటలు వేర్వేరుగానే మిగిలెను. 2011లో పూర్వపు ఇండియన్ విమానచోదకులు సమానవేతనము గోరి సమ్మె చేసిరి; మరుసటి యేట పూర్వపు ఎయిరిండియా చోదకులు క్రొత్త విమానముల శిక్షణనుగూర్చి సమ్మె చేసిరి. ఉద్యోగుల షరతుల నేకము చేయుటకు న్యాయమూర్తి ధర్మాధికారి సంఘమును నియమించినది విలీనమైన నాలుగేండ్లకు. ముందు కలిపి, తరువాత ఆలోచించిరి.

అదే పాఠము 2024 మేలో మరల వినబడెను. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్సు, పూర్వము ఎయిరేషియా ఇండియా యనబడిన సంస్థతో కలియు తరుణమున, పరిచారకులు పెక్కుమంది యొకేమారు జబ్బు సెలవు పెట్టిరి. విమానములు పెక్కులు నిలిచెను. విలీన సందర్భమున సమానత లోపించెనను ఫిర్యాదు వారిది. యాజమాన్యము సుమారు 25 మందిని తొలగించి, కార్మిక కమిషనరు సమక్షమున రాజీ కుదిరినపిదప మరల దీసికొనెను. అయిదు నెలలలో, అక్టోబరు 1వ తేదీన, విలీనము పూర్తియయ్యెను.

విలీనములు కూడదని మేము చెప్పము. నష్టములో మునిగిన సంస్థ మరియొకదానితో కలిసి బ్రదికిన, పనివారికిని మేలే. కాని పొదుపు ఎవరి జీవితమునుండి జరుగుచున్నదో విచారింపవలెను. రెండు సంస్థలు కలియుటకు ముందే జ్యేష్ఠతా పట్టికను గలుపు న్యాయము నిర్ణయింపబడవలెను. ఉమ్మడి యొడంబడికకు గడువు పెట్టవలెను. గడువు దాటినచో, రెండు పట్టికలలో నే జీతము మెరుగో అది యందరికిని తనంత తాను వర్తింపవలెను. అట్లైన నాలస్యము యెవరికిని లాభదాయకము గాదు. ఇక సంఘములు టి.డబ్ల్యు.ఏ. పరిచారికల కథను మరువరాదు. నేడు మన యింటికి వచ్చిన పరాయి కోడలిని గుమ్మమున గూర్చుండబెట్టినచో, రేపు మనమే మరియొక గుమ్మమున గూర్చుండవలసిరావచ్చును.

ఈ మారు విమానమెక్కినపుడు, తలుపు చెంత నిలిచి నమస్కరించు నామె ముఖమును చూడుడు. ఆ నమస్కారము వెనుక నొక పట్టికయు, ఆ పట్టికలో నొక సంఖ్యయు, ఆ సంఖ్య వెనుక నెన్నో యేండ్లును గలవు. ఆ యేండ్లకు లెక్క చెప్పని విలీనము సగము విలీనమే.