ఉజ్జయిని నుంచి లైప్‌జిగ్ దాకా: వాము పువ్వు చరిత్ర

వాము గింజల నుంచి దించిన తైలాన్ని చల్లని చోట కదలకుండా ఉంచితే అడుగున తెల్లని స్ఫటికాలు పేరుకుంటాయి. మూలికల అంగళ్లలో పిప్పరమెంటు పువ్వు, ముద్దకర్పూరం పక్కన వాము పువ్వు పేరుతో అమ్మేది ఈ పదార్థాన్నే. రసాయన శాస్త్రం దీన్ని థైమాల్ అంటుంది. సుగంధ తైలాలకు సూక్ష్మజీవులను చంపే గుణం ఉందని ప్రయోగశాలలు తేల్చిన తొలి రోజుల్లో అందరి దృష్టి పడిన పదార్థాల్లో ఇది ముఖ్యమైనది. గింజ భారతదేశంలో పండింది, స్ఫటికం కూడా ఇక్కడి బజార్లలో ఎప్పటి నుంచో ఉంది. దాని మీద లాభసాటి పరిశ్రమ మాత్రం జర్మనీలో వెలిసింది.

వాము ధనియాలు, జీలకర్ర, సోంపుల కుటుంబానికి చెందిన ఏకవార్షిక మొక్క. సంస్కృత వైద్య గ్రంథాలు దీన్ని యవానీ అన్నాయి. గింజల బరువులో సుమారు 2 నుంచి 4 శాతం వరకు ఎగిరిపోయే గుణమున్న తైలం ఉంటుంది. ఆ తైలంలో మూడో వంతు నుంచి సగానికి పైగా థైమాల్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గామా టెర్పినీన్, పారా సైమీన్ అనే హైడ్రోకార్బన్లు. ఈ మూడింటిలోనూ అణువుకు 10 కార్బన్ పరమాణువులే. థైమాల్‌లో బెంజీన్ వలయానికి ఒక హైడ్రాక్సిల్ సమూహం అతుక్కుని ఉంటుంది. నాలుక మీద వాము చురుక్కుమనడానికీ, సూక్ష్మజీవుల మీద దాని ప్రభావానికీ ఆ ఒక్క సమూహమే ప్రధాన కారణం. నేల, వాతావరణం, రకం మారితే ఈ పాళ్లూ మారతాయి. థైమాల్‌కు బదులు దాని సోదర పదార్థం కార్వాక్రాల్ ఎక్కువగా ఉన్న వాము కూడా కొన్నిచోట్ల కనిపిస్తుంది.

స్ఫటికాలను వేరుచేయడం ఈ దేశంలో యూరోపియన్ ప్రయోగశాలలు నేర్పిన విద్య కాదు. ఉజ్జయినిలోనూ మధ్య భారతంలోని ఇతర చోట్లా వాము గింజలను నీటితో ఉడికించి, ఆవిరిని చల్లబరిచి తైలం దించేవారు, అందులో తేరిన గడ్డను తీసి అమ్మేవారు. పుణె మొదలైన దక్కను పట్టణాల దుకాణాల్లో అది ‘అజ్వాయిన్ కా ఫూల్’ పేరుతో దొరికేదని 19వ శతాబ్దపు ఔషధ గ్రంథాలు నమోదు చేశాయి. తైలం దించగా మిగిలిన ఘాటైన నీటిని ఓమ నీరుగా అజీర్తికి, కడుపునొప్పికి వాడేవారు. ఎడ్వర్డ్ జాన్ వేరింగ్ సంపాదకత్వంలో 1868లో వెలువడిన భారత ఔషధ సంహిత వాము తైలాన్నీ ఓమ నీటినీ అధికారిక ఔషధాల్లో చేర్చింది. కలరా తొలి దశలో దాన్ని ఇచ్చిన వైద్యులున్నారు. వాంతిని కాస్త అదుపు చేయడం, నోటికి హితవు కలిగించడం వరకే దాని సాయం. కలరా రోగి ప్రాణం నిలిపేది ఒంట్లోంచి పోయిన నీటినీ లవణాలనూ తిరిగి అందించడమన్న జ్ఞానం వైద్యంలో స్థిరపడడానికి చాలాకాలం పట్టింది.

యూరప్ ఈ పదార్థాన్ని మరో దారిలో చేరుకుంది. 1719లో బెర్లిన్‌లో కాస్పర్ న్యూమన్ థైమ్ అనే మధ్యధరా ప్రాంతపు మొక్క తైలం నుంచి స్ఫటికాలను వేరుచేశాడు. 1853లో ఫ్రెంచి రసాయనవేత్త లాలెమాండ్ దాని సంఘటనాన్ని నిర్ణయించి థైమాల్ అని పేరు పెట్టాడు. వాము పువ్వు, థైమాల్ ఒకటేనని కొద్ది ఏళ్లలోనే బ్రిటన్‌లో జాన్ స్టెన్‌హౌస్, బొంబాయిలో హైన్స్ చేసిన పరిశీలనల వల్ల తేలింది. థైమ్ ఆకులో తైలం తక్కువ, వాము గింజలో ఎక్కువ. అందువల్ల వ్యాపారం మొత్తం వాము వైపు తిరిగింది.

సరిగ్గా ఆ కాలంలోనే శస్త్రచికిత్సలో పెద్ద మార్పు వచ్చింది. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో పుండ్లు కుళ్లకుండా ఆపవచ్చని ప్రకటించాడు. కార్బాలిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, ఒంట్లోకి ఇంకితే విషం. దానికి బదులుగా ఏదైనా దొరుకుతుందా అన్న వెతుకులాటలో, దానిలాగే ఫినాల్ వంశానికి చెందిన థైమాల్ వైద్యుల కంటబడింది. 1870లలో జర్మనీలోని హాలే నగరంలో ఫోల్క్‌మన్ వైద్యశాల పుండ్ల కట్లకు థైమాల్ వాడి చూసింది. పాశ్చర్ సహచరుడు షార్ల్ షాంబర్లాన్ 1887లో అనేక సుగంధ తైలాలను ఆంత్రాక్స్ బాక్టీరియా మీద ప్రయోగించి, వాటి శక్తిలోని తేడాలను ప్రచురించాడు. 1903లో రిడియల్, వాకర్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు క్రిమినాశక శక్తిని కార్బాలిక్ ఆమ్లంతో పోల్చి కొలిచే పద్ధతిని స్థిరపరిచారు. అలాంటి కొలతల్లో థైమాల్‌కు కార్బాలిక్ ఆమ్లం కంటే ఇరవై రెట్లకు అటూ ఇటూగా శక్తి ఉన్నట్టు తేలింది. అయినా శస్త్రచికిత్స గదుల్లో అది నిలదొక్కుకోలేదు. కారణం స్పష్టమే. లీటరు నీటిలో సుమారు ఒక గ్రామే కరుగుతుంది, రక్తం, చీము, కొవ్వు తగిలితే వాటికి అంటుకుపోయి బలం కోల్పోతుంది. నోరు పుక్కిలించే ద్రావణాల్లో మాత్రం దానికి శాశ్వత స్థానం దొరికింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1879లో తయారైన లిస్టరిన్‌లో థైమాల్ ఈనాటికీ ఉంది.

థైమాల్‌కు అసలైన గిరాకీ కొంకిపురుగు వల్ల వచ్చింది. ఆల్ప్స్ పర్వతాల కింద గొట్హార్డ్ సొరంగం తవ్విన కూలీలు 1880 ప్రాంతంలో రక్తహీనతతో కుప్పకూలారు. పేగుల్లో చేరి రక్తం పీల్చే కొంకిపురుగే అందుకు కారణమని తేలింది. ఆ పురుగును వెళ్లగొట్టడానికి టురిన్ వైద్యుడు కామిల్లో బొజ్జోలో థైమాల్ ఇచ్చి ఫలితం సాధించాడు. 1909లో ఏర్పడిన రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ అమెరికా దక్షిణాదిలోని 11 రాష్ట్రాల్లో ఊరూరా శిబిరాలు పెట్టి, థైమాల్ గుళికలు మింగించి, ఆపైన భేదిమందుగా ఎప్సం లవణం ఇచ్చింది. ఆ రోజు కొవ్వు పదార్థాలు, సారాయి ముట్టవద్దని రోగులకు గట్టిగా చెప్పేవారు. నూనెలోనూ సారాయిలోనూ థైమాల్ ఇట్టే కరిగి రక్తంలోకి పోతుంది. అప్పుడు పురుగును చంపాల్సిన విషం మనిషికి ఎక్కుతుంది, అలా ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. పెద్దలకు గ్రాముల లెక్కన ఇచ్చే మందు గనుక ఒక్కో శిబిరానికీ అవసరమైన సరుకు చిన్నది కాదు.

ఆ సరుకులో అధిక భాగం జర్మనీ నుంచి వచ్చేది. లైప్‌జిగ్‌లోని షిమ్మెల్ వంటి సంస్థలు భారతదేశం నుంచి వాము గింజలను ఓడల్లో తెప్పించుకుని, నలగ్గొట్టి, ఆవిరితో తైలం దించేవి. ఆ తైలాన్ని కాస్టిక్ సోడా నీటితో చిలికితే ఫినాల్ స్వభావం వల్ల థైమాల్ ఒక్కటే క్షారంలోకి దిగుతుంది, మిగతా తైలం పైన తేలుతుంది. క్షార ద్రావణంలో ఆమ్లం పోస్తే థైమాల్ మళ్లీ విడివడుతుంది. దాన్ని కడిగి, తిరిగి స్ఫటికీకరిస్తే 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే శుద్ధమైన సరుకు చేతికొస్తుంది. పైన తేలిన తైలం చవక సబ్బుల వాసనకు, పిప్పి పశువుల దాణాకు పోయేవి. ఒక్క గింజలో ఏదీ వృథా కానివ్వని ఆ పద్ధతి ముందు ఉజ్జయిని బట్టీ నిలవలేకపోయింది. గింజను గింజగా అమ్మి స్ఫటికాన్ని ఎక్కువ ధరకు కొనుక్కోవలసిన స్థితి వచ్చిందంటే అందుకు పరాయి పాలనలో పరిశ్రమకు ప్రోత్సాహం దొరకకపోవడం కూడా ఒక కారణం.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆ ఏర్పాటును తెంచేసింది. జర్మనీకి గింజ వెళ్లలేదు, జర్మనీ నుంచి థైమాల్ రాలేదు, ధర ఆకాశానికెక్కింది. అమెరికా వ్యవసాయ శాఖ హార్స్‌మింట్ అనే స్థానిక మొక్క నుంచి థైమాల్ తీసే ప్రయత్నం చేసింది. భారతదేశంలోనూ తయారీ మొదలైంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సడ్‌బరో, వాట్సన్ బృందం వాము తైలం మీద పనిచేసింది. మైసూరు సంస్థానం 1916లో గంధపు తైలం కర్మాగారం ప్రారంభించడం వెనుకా ఇదే సంస్థ పరిశోధన, ఇదే యుద్ధకాలపు అవసరం ఉన్నాయి. గంధానికి సంస్థానం అండ దొరికి పరిశ్రమ నిలబడింది. వాముకు అలాంటి అండ లేదు.

యుద్ధం ముగిశాక రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలాయి. 1921లో కార్బన్ టెట్రాక్లోరైడ్ కొంకిపురుగు మీద పనిచేస్తుందని మారిస్ హాల్ చూపించడంతో ఆ చికిత్సలో థైమాల్ ప్రాధాన్యం పడిపోయింది. మరోవైపు థైమాల్‌ను కృత్రిమంగా తయారుచేసే పద్ధతులు వచ్చాయి. ఇప్పుడు మెటా క్రెసాల్, ప్రొపిలీన్‌లను కలిపి చేసే థైమాల్‌దే పెద్ద వాటా. దానికి హైడ్రోజన్ చేర్చి మెంథాల్ కూడా తయారుచేస్తారు.

దేశీయ మందుల్లో మాత్రం వాము పువ్వు చెక్కుచెదరలేదు. 1920లో హైదరాబాద్‌లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ ప్రారంభించిన జిందా తిలిస్మాత్‌లో నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్‌తో పాటు థైమాల్ ఉంటుంది. అంతకు ముందే లాహోర్‌లో పండిట్ ఠాకూర్ దత్త శర్మ అమృతధార అనే మందును ప్రచారంలోకి తెచ్చాడు. తెలుగు ఇళ్లలో చేసుకునే అమృతధారలో వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు, ముద్దకర్పూరం సమానంగా కలుపుతారు. మూడూ గట్టి పదార్థాలే, కలిపితే కరిగి ద్రవమవుతాయి. ఒకదాని అణువులు మరొకదాని స్ఫటిక అమరికను చెదరగొట్టడంతో ద్రవీభవన స్థానం గది ఉష్ణోగ్రత కంటే దిగువకు జారుతుంది.

థైమాల్ క్రిమిని ఎలా చంపుతుందో వివరంగా తెలిసింది 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లోనే. బాక్టీరియా కణాన్ని కప్పి ఉండే కొవ్వు పొరలోకి థైమాల్ చొరబడి దాన్ని వదులు చేస్తుంది. లోపలి పొటాషియం అయాన్లు బయటికి కారిపోతాయి, పొరకు రెండువైపులా ఉండే విద్యుత్ భేదం కుప్పకూలుతుంది, కణానికి శక్తి ఉత్పత్తి ఆగిపోతుంది. పారా సైమీన్‌కు సొంతంగా చంపే బలం దాదాపు లేదు, అయితే అది పొరను ఉబ్బించి కార్వాక్రాల్ వంటి ఫినాళ్లకు దారి ఇస్తుంది. తైలం ప్రభావాన్ని ఒక్క పదార్థానికే కట్టిపెట్టలేమనడానికి ఇదొక కారణం. అదనపు బయటి పొర ఉన్న సూడోమొనాస్ వంటివి మాత్రం చాలావరకు తట్టుకుంటాయి. నేడు తేనెపట్టుల్లో వరోవా పురుగు నివారణకూ, నేల తుడిచే క్రిమినాశకాల్లోనూ థైమాల్ వాడుతున్నారు.

తెలుగు ప్రాంతంలో వాము ప్రధానంగా కర్నూలు నల్లరేగడిలో వర్షాధారంగా పండుతుంది. గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం లాం సెలక్షన్-1, లాం సెలక్షన్-2 రకాలను విడుదల చేసింది. గింజ విలువ అందులోని తైలం మీద, తైలం విలువ థైమాల్ పాలు మీద ఆధారపడతాయని లైప్‌జిగ్ వ్యాపారులకు నూరేళ్ల కిందటే తెలుసు. కర్నూలు మార్కెట్ యార్డులో ప్రతి లాటుకూ తైలం శాతం, థైమాల్ శాతం కొలిచి ధర కట్టే ఏర్పాటు రావాలి. తైలం దించే చిన్న యూనిట్లు పొలాలకు దగ్గరలో ఉండాలి. సహజ థైమాల్ కావాలనే కొనుగోలుదారులు ఆహార, సౌందర్య సాధనాల రంగాల్లో ఉన్నారు కనుక, ఈ రెండూ ఆలస్యం చేయకూడని పనులు.