వెటర్నరీ టెక్నీషియన్ ప్రయోగాత్మక శిక్షణ

పశువైద్యుని పర్యవేక్షణలో జంతువుల చికిత్సకు సహకరించే శిక్షితులను అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వెటర్నరీ టెక్నీషియన్లు అంటారు. రోగ నిర్ధారణ, మందులు రాయడం, శస్త్రచికిత్స వీరి పరిధిలోకి రావు.

కోర్సు
అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ గుర్తింపు పొందిన అసోసియేట్ డిగ్రీ స్థాయి కోర్సు సాధారణంగా రెండు సంవత్సరాలు ఉంటుంది. ఈ సంఘం నిర్దేశించిన ముఖ్య నైపుణ్యాలను విద్యార్థి స్వయంగా చేసి చూపవలెను.

శిక్షణ విధానం
విద్యార్థులు మొదట నమూనా బొమ్మలపై, తరువాత సజీవ జంతువులపై సాధన చేస్తారు. కుక్కలు, పిల్లులతో పాటు గుర్రాలు, ఆవులు, కుందేళ్ళు, ఎలుకలను సంభాళించడం కూడా నేర్చుకుంటారు. జంతువును బెదరకుండా పట్టుకోవడం తొలి పాఠం. పట్టు సడలితే మనిషికి, మితిమీరితే జంతువుకు ప్రమాదం. అటుపై సిర నుండి రక్తం తీయడం, ఎక్స్-రే తీయడం, దంతాలు శుభ్రపరచడం నేర్పుతారు.

మత్తులో ఉన్న జంతువు గుండె వేగం, శ్వాస, ఉష్ణోగ్రత, చిగుళ్ళ రంగులను కొద్ది నిమిషాలకొకసారి నమోదు చేయాలి. చిగుళ్ళు నీలిబారితే శరీరానికి ప్రాణవాయువు చాలడం లేదని అర్థం. ఈ సంగతి వెంటనే పశువైద్యునికి తెలపకపోతే జంతువు మరణించవచ్చు.

చివరగా విద్యార్థులు పశువైద్యశాలలలో కొంతకాలం పనిచేస్తారు.

అర్హత పరీక్ష
కోర్సు పూర్తయ్యాక చాలా రాష్ట్రాలలో గుర్తింపు కొరకు జాతీయ పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. ఇందులో ఉండేవి బహుళైచ్ఛిక ప్రశ్నలు మాత్రమే. చేతి నేర్పును ఈ పరీక్ష కొలవలేదు కనుక, శిక్షణాకాలంలో పొందిన అనుభవమే అందుకు ఆధారం.